బలం బిళ్ళలు

"మా అమ్మకి ఎవరో మందు పెట్టారు! ఈ ఇంట్లో అన్నం వండి పెట్టేది ఎవరో ఊరందరికీ తెలుసు!"

కుమారి గొంతు సూర్యలంక పల్లె అంతటికీ సరిపోయింది. తల్లి గొంతే కూతురికి వచ్చింది మరి. ఆ తల్లి సుబ్బరత్నం మాత్రం వసారాలో మంచం మీద వెల్లకిలా పడి, నోరు కొద్దిగా తెరిచి, గురక పెడుతోంది.

బాపట్ల చేపల మార్కెట్లో సుబ్బరత్నం నోటికి ఎదురు లేదు. ఆమెతో బేరమాడాలంటే కాస్త గుండె ధైర్యం కావాలి. అలాంటి మనిషి ఈ ఉదయం చేపల బల్ల ముందు కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. వంజరం ముక్క కాకి ఎత్తుకుపోయింది. మిగతా సంగతి పిల్లి చూసుకుంది. అయినా ఆమె కన్ను తెరవలేదు. పక్క బల్లల ఆడవాళ్ళు హడలిపోయి ఆటోలో వేసి ఇంటికి పంపించారు.

"తమ్ముడూ, ఆటో ఇంకా ఇక్కడే ఉంది. కర్లపాలెం అవతల మందు కక్కించే ఆయన ఉన్నాడంట. అన్నంలో కలిపింది ఎంత పాతదైనా కక్కించేస్తాడంట. పట్టు, ఎక్కిద్దాం."

శివనాగరాజు పడవ దగ్గర్నుంచి పరుగున వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు. కాళ్ళకి తడి ఇసుక కూడా ఆరలేదు. "ఉండక్కా, ముందు నాడి చూద్దాం" అన్నాడు గాని, ఆ నాడి ఎక్కడ చూడాలో అతనికి తెలియదు.

ఇదంతా కోడలు నాగమల్లేశ్వరి వంటింట్లో గోడకి చేరగిలబడి వింటోంది. ఒళ్ళో చేటలో సగం ఏరిన బియ్యం. ఆ సగం ఏరి చాలాసేపయింది.

ఆడపడుచు మాటకి ఆమెకి కోపం రాలేదు. అదే విచిత్రం. చెయ్యని నేరం నెత్తిన వేస్తే ఎవరికైనా ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత ఏడుపు వస్తుంది. ఆమెకి రెండూ రాలేదు. 'అవును, నేనే చేసుంటాను' అనుకుంది. ఎలా చేసిందో తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

కొన్ని నెలలుగా ఆమె మనసు ఇలాగే నడుస్తోంది. పాలు విరిగితే తన వల్ల. వల చిరిగితే తన వల్ల. పక్కింటి పిల్లకి జ్వరం వస్తే, మొన్న ఆ పిల్లని ఎత్తుకున్నది తనే కదా. ముందు తీర్పు వచ్చేస్తుంది. సాక్ష్యం తర్వాత వెతుక్కుంటుంది.

ఈసారి వెతుక్కునే పని లేకపోయింది. బిళ్ళలు గుర్తుకొచ్చాయి.

చేట పక్కన పెట్టి లేచింది. లేవడానికి ఒంట్లో శక్తంతా కూడగట్టుకోవాల్సి వచ్చింది. వసారా గడపలోకి వచ్చి నిలబడింది.

"నేనే పెట్టాను వదినా" అంది.

అరిచేవాళ్ళకి అవతలి మనిషి కాదంటే బాగుంటుంది. ఒప్పేసుకుంటే నోట మాట రాదు.

"ఏం... ఏం పెట్టావే?"

"బలం బిళ్ళలు. తెనాలి నుంచి మావ నాకోసం తెచ్చినవి. రోజూ రాత్రి అన్నాలయ్యాక అత్తకి ఇస్తన్నాను."

"అవి నీకు కదే!" శివనాగరాజు గొంతు చీలిపోయింది. "రోజూ అడుగుతున్నాను కదా, ఏసుకున్నావా అని! ఊఁ అన్నావు కదా!"

"బలం పని చేసేవాళ్ళకి కదా మావా కావల్సింది. అత్త తెల్లారకుండా లేచి మార్కెట్టుకి పోద్ది. నేను తిని పడుకునేదాన్ని. నాకెందుకు దండగ?"

అది ఎత్తిపొడుపు కాదు. ఉప్పెంత వెయ్యాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. శివనాగరాజు గడప మీద కూలబడ్డాడు.

"బలం బిళ్ళలకి మనిషి ఇట్టా పడిపోద్దా?" కుమారి ఇప్పుడు తమ్ముడి మీదికి తిరిగింది. "ఏంట్రా అవి?"

శివనాగరాజు కాళ్ళ మీది ఇసుక దులుపుకున్నాడు. అక్క మళ్ళీ అడిగింది.

"బలం బిళ్ళలు కాదక్కా. మనసు బాగోలేనోళ్ళకి ఇచ్చేవి. తెనాలిలో చూపించింది నరాల డాక్టరుకి కాదు. ఆ డాక్టరు పేరు చెప్తే ఊళ్ళో పిచ్చి డాక్టరంటారని, నరాల బలహీనత అని నేనే చెప్పాను. దీనిక్కూడా అట్టాగే చెప్పాను."

"అంటే నాకు పిచ్చా?" అని అడిగింది నాగమల్లేశ్వరి.

"కాదే! పిచ్చి కాదు, అదేదో... ఆయన చెప్పాడు నీ ముందే!"

నిజమే, ఆ రోజు డాక్టరు ఏదో చెప్పాడు. ఎదురుగా కూర్చుని నెమ్మదిగానే చెప్పాడు. ఆమె చెవిన పడింది గాని మనసుకి ఎక్కలేదు. ఆ రోజుల్లో ఏ మాటా ఎక్కేది కాదు. బయటికి వచ్చాక మొగుడు "బలానికంట" అన్న ఒక్క మాటే నిలిచింది.

అంతలో మంచం కిర్రుమంది. సుబ్బరత్నం ఒక కన్ను తెరిచింది. రెండోది తెరిచే ఓపిక లేనట్టుంది.

"ఎవరు పోయారే? ఎందుకట్టా గగ్గోలు పెడతన్నారు?"

"నీ కోడలు నీకు మందు పెట్టిందమ్మా!"

సుబ్బరత్నం ఆ ఒక్క కంటితోనే ముందు కోడల్ని, తర్వాత కొడుకుని చూసింది. నిద్రలో కూడా అన్నీ విన్నదన్నమాట.

"వీడు దానికి తెలియకుండా దానికి మందు పెట్టాడు. అది తెలియక నాకు మందు పెట్టింది. ఇక నేనెవరికి పెట్టాల్రా?" అని, సమాధానం కోసం చూడకుండా మళ్ళీ కన్ను మూసింది.

కుమారికి నవ్వొచ్చినంత పనైంది. అది కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు.

"మీరు ఏ డాక్టరుకైనా చూపించుకోండి. నేను మాత్రం రేపల్లెకి ఫోన్ చేసి దీని పుట్టింటోళ్ళకి చెప్తాను. పిల్లకి ఇట్టాంటి రోగం ఉంటే ముందే చెప్పాలి కదా!"

ఆ మాట ఒక్కటే నాగమల్లేశ్వరికి సూటిగా తగిలింది. తన వల్ల ఇప్పుడు పుట్టింటికి కూడా మాట వస్తుందన్నమాట.

శివనాగరాజు తెనాలి డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆయన ముందు బాపట్లలో సుబ్బరత్నం బీపీ చూపించమని, ప్రమాదం లేదంటే ఇద్దరినీ తన దగ్గరికి తీసుకు రమ్మని చెప్పాడు. "ఇద్దరినీ" అని నొక్కి చెప్పాడు. బాపట్లలో చూసినవాళ్ళు బీపీ కాస్త తగ్గిందని, మత్తు తప్ప భయం లేదని అన్నారు. మధ్యాహ్నం బండికి ముగ్గురూ తెనాలి బయల్దేరారు.

రైల్లో నాగమల్లేశ్వరి కిటికీ పక్కన కూర్చుంది. నడుస్తున్న బండిలో ఆమె ఆలోచనలు కూడా నడిచాయి, ఎప్పుడూ నడిచే దారిలోనే. వచ్చే స్టేషన్లో దిగిపోతే వీళ్ళకి ఒక బరువు తగ్గుతుంది. మావ ఇంకొకరిని చేసుకుంటాడు. అత్త మళ్ళీ మార్కెట్లో అరుస్తుంది. లెక్క ఎంత చక్కగా కుదురుతోందో! ఆ లెక్కలో తనని తలుచుకుని ఏడ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. ఎందుకు లేరని ఆమెకి అనుమానం కూడా రాలేదు.

దిగేదే గాని, సుబ్బరత్నం తల ఆమె భుజం మీద పడి ఉంది. తీస్తే లేస్తుంది. లేస్తే అరుస్తుంది. ఇంకో రెండు స్టేషన్లు దాటితే తెనాలేనని ఎవరో మాట్లాడుకుంటున్నారు. ఆమె భుజం తిమ్మిరెక్కుతున్నా కదలకుండా అలాగే కూర్చుంది.

తెనాలిలో డాక్టర్ కృష్ణకాంత్ ముందు సుబ్బరత్నాన్ని చూశాడు.

"ఈ బిళ్ళలు విషం కాదమ్మా. మీ వయసుకి, మీరు వేసుకునే బీపీ బిళ్ళతో కలిసి మత్తు ఎక్కువైంది. ఇక వేసుకోకండి, తగ్గిపోతుంది. ఇంతకీ అవేంటో అడక్కుండా ఎలా మింగారు?"

"కోడలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి, చేతిలో బిళ్ళ పెట్టి, ఏసుకో అత్తా అంటే కాదనబుద్ధి అవుతదా బాబూ?" అంది సుబ్బరత్నం. గొంతు ఇంకా ముద్దగానే ఉంది. "ఈ మధ్య అది నాతో మాట్లాడేది ఆ ఒక్క పూటే."

నాగమల్లేశ్వరి తల ఎత్తి అత్త వైపు చూసింది. ఆ సంగతి ఆమెకి తెలియదు.

"నేనే దీన్ని పాడు చేశానేమో బాబూ. పొద్దెక్కిందాకా లేవట్లేదని తిట్టాను. అయితే నేను అందర్నీ తిడతాను. వీణ్ణి తిడతాను, దేవుణ్ణి తిడతాను, కాకిని తిడతాను. ఎవరూ పట్టించుకోరు. ఇది ఒక్కటే అంతా మూట కట్టుకుంది."

డాక్టరు నవ్వాడు. తర్వాత కుర్చీ నాగమల్లేశ్వరి వైపు తిప్పుకున్నాడు.

"అత్తగారు పడిపోయింది మీ వల్లే అనుకున్నారా అమ్మా?"

"నా వల్లే కదండి. నేనే ఇచ్చాను."

"సరే, ఇచ్చింది మీరే. బలానికని నమ్మి, ఆవిడ మంచికే ఇచ్చారు. ఈ మధ్య ఇంకేం జరిగాయి మీ వల్ల?"

ఆమె చెప్పింది. పాలు, వల, పక్కింటి పిల్ల జ్వరం. డాక్టరు మధ్యలో ఆపలేదు, నవ్వలేదు.

"పాలు మీ వల్ల ఎట్లా విరిగాయి?"

"నేను... ఉండబట్టి."

"పెళ్ళైన కొత్తలో పాలు విరగలేదా ఎప్పుడూ?"

చాలాసేపు ఆలోచించింది. ఆలోచన కూడా బురదలో నడిచినట్టు నడుస్తోంది. "విరిగినయ్యండి."

"అప్పుడేం చేశారు?"

"బెల్లమేసి ఉడకబెట్టి..." ఆగింది. "సగం నేనే తినేశాను, వీళ్ళు వచ్చేలోపు."

"అదా సంగతి!" అంది సుబ్బరత్నం. "కోవా తక్కువొచ్చిందని నేను ఆ రోజే అనుకున్నాను."

నాగమల్లేశ్వరికి ఆ మనిషి లీలగా గుర్తొచ్చింది. గిన్నె అంచు గోకి తింటూ, తలుపు చప్పుడుకి మూతి తుడుచుకున్న మనిషి. ఎవరో దూరపు చుట్టంలా ఉంది.

"జ్వరమొస్తే నోరు చేదవుతుంది కదమ్మా" అన్నాడు డాక్టరు. "అన్నం చేదనిపిస్తుంది. పారబోస్తామా వండిన అన్నాన్ని, పాడైందని?"

"లేదండి. చేదు నోటిది కదండి."

"మీ జబ్బూ అంతే. డిప్రెషన్ అంటారు. ఇది వస్తే ఆలోచనలు చేదెక్కుతాయి. నేను పనికిరాను, అంతా నా వల్లే, ఇక బాగుపడేది లేదు అనిపిస్తుంది. చిక్కేంటంటే, ఆ మాటలు మన గొంతుతోనే వినిపిస్తాయి. అందుకని నిజమనుకుంటాం. మంచం దిగలేకపోవడం కూడా ఈ జబ్బులో భాగమే. బద్ధకమున్నవాడికి పడుకుంటే హాయిగా ఉంటుంది. మీకు హాయిగా ఉందా?"

ఇన్నాళ్ళలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆమె కూడా తనని తాను అడగలేదు. లేదన్నట్టు తల ఊపింది. ఊపుతూనే ఉంది.

డాక్టరు మిగతా ఇద్దరినీ బయట కూర్చోమన్నాడు. తలుపు వేశాక, సూటిగా అడిగాడు.

"చచ్చిపోవాలని అనిపించిందా అమ్మా?"

ఆ మాట నోటితో అంటే మీద పడుతుందేమోనని ఆమె ఇన్నాళ్ళూ భయపడింది. ఈయన టిఫిన్ చేశారా అన్నంత తేలిగ్గా అడిగాడు. తేలిగ్గా తీసుకోవడం లేదని మాత్రం ఆయన కళ్ళు చెబుతున్నాయి.

"చావాలని కాదండి. లేకుండా పోతే బాగుండునని. ఇందాక రైల్లో కూడా."

"ఎక్కడ, ఎట్లా అని ఏమైనా అనుకున్నారా?"

"దిగిపోదామనుకున్నానండి. అంతే. అత్త నా భుజం మీద నిద్రపోతంది."

"అది కూడా ఈ జబ్బు అనిపించేదే. చెప్పడం మంచిదైంది. మీ ఆయనకి నేను చెప్తాను, కొన్నాళ్ళు మిమ్మల్ని ఒంటరిగా వదలొద్దని. మళ్ళీ అనిపిస్తే, ఎంతసేపని చూడకుండా ఎవరో ఒకరికి చెప్పాలి. నాకు ఫోన్ చేసినా సరే. బిళ్ళలు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. రేపే మారిపోదు. కాని తగ్గుతుంది. ఈ జబ్బు తగ్గినవాళ్ళని నేను రోజూ చూస్తుంటాను."

నాగమల్లేశ్వరికి అప్పుడు ఏడుపు వచ్చింది. బాధతో వచ్చింది కాదు. ఇంతకాలం తను మోసింది నేరం అనుకుంది. జబ్బని ఇప్పుడు తెలిసింది. నేరానికి శిక్ష ఉంటుంది. జబ్బుకి మందు ఉంటుంది. ప్రాణం తేలిక పడటమంటే ఏంటో మర్చిపోయిన ఆమెకి ఇన్నాళ్ళకి అది మళ్ళీ తెలిసింది.

బయటికి వచ్చాక శివనాగరాజు ఎదురొచ్చాడు. డాక్టరు అతనితో విడిగా మాట్లాడాడు. తిరిగొచ్చేటప్పటికి అతని ముఖం పాలిపోయి ఉంది. భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆసుపత్రి వరండాలో, అందరి ముందు. అతను పెళ్ళిపీటల మీద తప్ప అలాంటి పని ఎప్పుడూ చేసినవాడు కాదు.

"నీకు నిజం చెప్పాల్సింది. భయపడ్డానే."

"నాకు చెప్పినా వినేదాన్ని కాదేమో మావా" అంది ఆమె.

తెనాలి స్టేషన్లో బాబి కాచుకుని ఉన్నాడు. నాగమల్లేశ్వరి అన్న. కుమారి ఫోన్ అందగానే రేపల్లెలో ఉన్న పనంతా వదిలేసి వచ్చాడు. వస్తూనే బావ మీద విరుచుకుపడ్డాడు.

"మా చెల్లెలు మీ అమ్మకి మందు పెట్టిందా? పిచ్చి డాక్టరు దగ్గరికి తిప్పుతున్నావంట. మాకొక్క మాట చెప్పావా బావా?"

"బాబీ, మెల్లగా మాట్లాడు. నిద్దరొస్తంది" అంది సుబ్బరత్నం బెంచీ మీంచి.

బాబి వినలేదు. శివనాగరాజు చేతిలోని మందుల సంచి లాక్కుని తన జేబులో కుక్కుకున్నాడు.

"ఇట్టాంటివి ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాలంట. నువ్వు నాతో రా మల్లేశ్వరీ. రేపల్లె బండి పెట్టారు. నాలుగు రోజులు అమ్మ చేతి అన్నం తింటే అదే తగ్గిపోద్ది. ఇప్పటికే నాన్నని చూసి ఊరంతా సోమరి కొంప అంటన్నారు. ఏళ్ళ తరబడి మంచానికి అతుక్కుపోయి, ఏం అడిగినా పలకడు. ఇప్పుడు నువ్వు కూడానా?"

శివనాగరాజు నోరు తెరవబోయాడు. ఆసుపత్రిలో చూసిన ధైర్యం స్టేషన్లో కరిగిపోయినట్టుంది. భార్య వైపు చూశాడు. సుబ్బరత్నం కూడా చూసింది. ముగ్గురూ తన మాట కోసం ఆగి ఉన్నారని నాగమల్లేశ్వరికి అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. తన మాట కోసం ఎవరైనా ఆగుతారని ఆమె అనుకోవడం మానేసి చాలా కాలమైంది.

ఎక్కడికి వెళ్ళాలో ఆమెకి నిజంగా తెలియదు. ఏది కావాలో తేల్చుకునే ఓపిక ఇంకా రాలేదు. కాని ఒక్కటి మాత్రం తెలిసింది.

"ఆ బిళ్ళలు నావి అన్నా" అంది. "నాకియ్యి."

బాబి తెల్లబోయాడు. అంతలో అతని ఫోన్ మోగింది.

"అమ్మ" అన్నాడు తెర చూసి. గొంతు తగ్గించాడు. "కంగారు పడతంది. తలనొప్పని చెప్పు. అంతకంటే ఏం చెప్పకు."

నాగమల్లేశ్వరి ఫోన్ అందుకుంది.

"అమ్మా, నాకు జబ్బు చేసింది."

"ఏం జబ్బే? కుమారి ఏదేదో వాగింది. నువ్వేం తప్పు చేశావని అంత మాటంది?"

"తప్పేం లేదమ్మా. జబ్బే. డిప్రెషన్ అంట." ఆ మాట ఆమె నోట మొదటిసారి వచ్చింది. తడబడింది గాని, పూర్తిగానే వచ్చింది. "మంచం దిగాలని ఉంటది, దిగలేను. దిగనందుకు నన్ను నేనే తిట్టుకుంటాను. తిట్టుకునే కొద్దీ ఇంకా దిగలేను. అందరూ బద్ధకమనుకున్నారు. నేను కూడా అట్టాగే అనుకున్నాను."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"గోడ వైపు తిరిగి పడుకుంటావా?" తల్లి గొంతు చిన్నగా అడిగింది.

"ఆఁ."

"పిలిచినా పలకాలనిపించదా?"

"అనిపించదమ్మా. నోరు బరువుగా ఉంటది."

"నేనుంటే ఎంత, పోతే ఎంత అనిపిస్తదా?"

ఆ మాట నాగమల్లేశ్వరి అమ్మతో ఎప్పుడూ అనలేదు. అమ్మ దాన్ని ఎక్కడ విన్నదో అప్పుడు తట్టింది. పక్కనే చెవి పెట్టి వింటున్న బాబి ఇంకా దగ్గరికి జరిగాడు.

రేపల్లె బండి కూత వేసింది. ఆ మోతలో తల్లి ఏదో అంది. వినపడలేదు.

"ఏంటమ్మా? మళ్ళీ చెప్పు."

"మీ నాన్నని ఎన్ని మాటలన్నానే నేను" అంటోంది తల్లి, ఏడుస్తూ. "ఆ డాక్టరు ఇంకా ఉన్నాడా? మీ నాన్నని తీసుకొస్తే చూస్తాడా?"